పదకొండు సంచుల బాకీ

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని సంగతి ఇది.

ఆమెకు 54 ఏళ్లు. భర్త ఈమధ్యే రిటైరయ్యారు. కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఎంవీపీ కాలనీలో వాళ్ల ఇంటి ముందు పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేదట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి అది వేళ్లతో సహా కూలిపోయింది. వాకిట్లో నీడ పోయాక ఆమె పొద్దున్నే శివాజీ పార్కుకు వెళ్లడం మొదలుపెట్టారు, ఇన్నేళ్లలో మానింది లేదు. అక్కడే ఎనిమిది మంది ఆడవాళ్లు స్నేహితులయ్యారు.

పోయిన శ్రావణంలో అల్మారా సర్దుతుంటే అరవై దాకా జాకెట్టు ముక్కలు బయటపడ్డాయి. పేరంటాల్లో, నోముల్లో, గృహప్రవేశాల్లో బొట్టు పెట్టి చేతిలో పెట్టినవి. ఏది ఎవరు పెట్టారో చాలావాటికి గుర్తుంది. మళ్లీ ఎవరికో పెట్టేయడానికి మనసొప్పలేదు. తొమ్మిది ముక్కలు ఏరి, చదరాలుగా కోసి, పాత మిషన్ మీద ఒక సంచి కుట్టుకున్నారు. నీళ్ల సీసాకి చోటు, రాలిన పూలు వేసుకోవడానికి పక్కన చిన్న జేబు. దాన్ని భుజాన వేసుకుని పార్కుకు వెళితే అందరూ చుట్టూ మూగారు. "ఇది నువ్వే కుట్టావేటి? అని చేతిలోకి తీసుకుని తిరగేసి మరగేసి చూశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను చేసిన పనిని ఒకరు అలా చూడటం అదే మొదలు" అని రాశారు.

ఆ సంతోషంలో ఇద్దరికి కుట్టి ఇచ్చారు. ఆ తర్వాత "నాకూ ఒకటి కుట్టిపెట్టవూ" అని ఒకరి తర్వాత ఒకరు. స్నేహితులకే కాక వాళ్ల తోడికోడళ్లకీ చెల్లెళ్లకీ కూడా. అందరికీ సరే అన్నారు. ఇప్పుడు లెక్క పదకొండుకు వచ్చింది. వాళ్లలో నలుగురు గుడ్డ కూడా తెచ్చి ఇచ్చారు. ఒకావిడ ఇచ్చింది చనిపోయిన వాళ్ల అమ్మగారి వెంకటగిరి చీర. మూడు నెలలుగా అది కవర్లోనే ఉంది, కత్తెర పెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఊరికే సంచి తీసుకున్న ఒకావిడేమో "జిప్పు పెట్టి ఉంటే బాగుండేది, ఒక పక్క కుట్టు వంకర పోయింది" అన్నారు. భర్త "ఖాళీగానే ఉన్నావు కదా, రోజుకొకటి కుట్టి పడెయ్" అంటారు. కూతురు "ఊరికే ఎందుకమ్మా, రేటు పెట్టు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడదాం" అంటుంది. ఒక్కో సంచికి ఏడు గంటలు పడుతోంది, లైనింగుకీ కాన్వాసుకీ దారానికీ కలిపి 120 రూపాయలు అవుతోంది. మధ్యాహ్నం దొరికేది రెండు గంటలు.

ఇంకో ఇరవై రోజుల్లో ముడసర్లోవ పార్కులో కార్తీక వనభోజనాలు పెట్టుకున్నారు. "ఆ రోజు అందరం నీ సంచులే పట్టుకొస్తాం" అని తేదీ ఖాయం చేశారు. ఆ మాట విన్న మర్నాటి నుంచి ఆమె పార్కుకు వెళ్లడం లేదు. మోకాలి నొప్పి అని చెప్పారు. "మిషన్ మూత తీయాలంటే భయమేస్తోంది. పార్కూ పోయింది, కుట్టూ పోయింది. నేనేం చేయను?" అని అడుగుతున్నారు.

సమాధానం

మీ ఉత్తరంలో మోకాలి నొప్పి మాట దగ్గర ఆగిపోయాను. మీకు నొప్పి లేదని మీరే రాశారు. ఇన్నేళ్లుగా రోజూ చూసే మనుషులకు అబద్ధం చెప్పాల్సి రావడం మిమ్మల్ని సంచుల కంటే ఎక్కువగా బాధపెడుతోందని నాకు అర్థమైంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ స్నేహితులు చెడ్డవాళ్లని మీరు ఎక్కడా రాయలేదు, నాకూ అలా అనిపించలేదు. సంచి చూశారు, ముచ్చటపడ్డారు, అడిగారు. ఒక్కొక్కరు అడిగింది ఒక్కటే. పదకొండు అన్న సంఖ్య మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఒక సంచి వెనక ఏడు గంటలున్నాయని కూడా వాళ్లకు తెలియదు, ఎందుకంటే మీరు చెప్పలేదు. కుట్టు తెలియని మనిషి మిషన్ అనగానే గడగడా తిప్పితే అయిపోతుంది అనుకుంటుంది. మూడు అంగుళాల చదరం కోస్తే, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోయి, మిగిలేది రెండున్నర. పదిహేను అంగుళాల సంచికి ఒక వైపే ముప్పై ఆరు ముక్కలు, రెండు వైపులకు డెబ్బై రెండు. ప్రతి వరసా కుట్టాక ఇస్త్రీ చేయాలి, లేకపోతే మూలలు కలవవు. ఆ తర్వాత కాన్వాసు, లైనింగు, పట్టీలు. ఇవన్నీ మీ చేతులకు తెలుసు. మీ వారికీ తెలియదు కాబట్టే రోజుకొకటి అన్నారు. ఒక మధ్యాహ్నం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇస్త్రీ పని అప్పగించండి. ఆ డెబ్బై రెండు ముక్కలూ ఆయన చేతుల మీదుగా వెళ్లాక ఆ మాట మళ్లీ అనరని నా నమ్మకం.

ఇక లెక్క చూద్దాం. పదకొండు సంచులు, ఒక్కోటి ఏడు గంటలు, మొత్తం 77 గంటలు. వనభోజనాలకు ఇరవై రోజులు, రోజుకు రెండు గంటల చొప్పున మీ దగ్గరున్నవి 40 గంటలు. ఐదు సంచులు పూర్తవుతాయి, ఆరోది సగంలో ఉంటుంది. రాత్రుళ్లు కళ్లు పోగొట్టుకుని కుట్టినా పదకొండు కావు. కనుక పార్కుకు వెళ్లకపోవడం మీ బద్ధకం కాదు, పిరికితనమూ కాదు. ఎలాగూ చేయలేని పనికి మీరు మాట ఇచ్చేశారు, అంతే. మాట ఇచ్చేటప్పుడు ఎవరూ లెక్క వేయరు, మెచ్చుకున్న మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అసలే వేయరు.

ఈ పదకొండింటిలో ఒకటి మిగతా పదింటి లాంటిది కాదు. ఆ వెంకటగిరి చీర గురించి ముందు మాట్లాడుకుందాం, మీకు అసలు నిద్ర పట్టనివ్వనిది అదేనని నా అనుమానం. ఆవిడ అడగడం మానేశారు, కోపం వచ్చిందేమో అని రాశారు. తల్లి చీర ఇచ్చిన మనిషి అడగకపోవడానికి కోపం ఒక్కటే కారణం కానక్కర్లేదు. ఇచ్చాక ఆవిడకూ గుండె పీకి ఉండవచ్చు. కోసేశారేమో అని భయపడుతూ అడగలేకపోతూ ఉండవచ్చు. మీరు కోయలేకపోవడం, ఆవిడ అడగలేకపోవడం రెండూ ఆ చీర మీద ఉన్న గౌరవమే కావచ్చు. ఇది తేలాలంటే ఒకటే దారి, ఆవిడతో మాట్లాడాలి.

మాట్లాడే ముందు చీరను ఒకసారి వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. వెంకటగిరి నేత సన్నం. ఏళ్ల తరబడి కట్టిన చీర కుచ్చిళ్ల దగ్గర, మడమలు తగిలే అంచు దగ్గర పలచబడిపోతుంది. మడత పెట్టి దాచిన చోట జరీ విరుగుతుంది. కొంగు మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది. కాబట్టి "చీర మొత్తం కోయను, లోపలి చెంగు నుంచి ఒక గజం తీసుకుంటాను, కొంగు అలాగే ఉంచి మీకు ఇచ్చేస్తాను" అని మీరు చెప్పగలరు. ఆ గుడ్డ ఒంటరిగా బరువు మోయదు. వెనక మల్లు గుడ్డ వేసి, రెండూ కలిపి చేత్తో కచ్చా కుట్టు వేసి, అప్పుడు ముక్కలు కోయాలి. కుట్టులోకి పావు అంగుళం సరిపోదు, సన్నటి నేత కుట్టు దగ్గర విచ్చుకుపోతుంది. అర అంగుళం వదలండి. పట్టీలకు ఆ చీర వాడకండి, కింద గట్టి గుడ్డ వేసి పైన అంచు కుట్టండి. ఇదంతా విన్నాక ఆవిడ "వద్దులే, చీర అలాగే ఇచ్చెయ్" అంటే ఇచ్చేయండి. ముక్క చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వడం కూడా పనే. మీరు చేయలేకపోయినట్టు కాదు.

మిగతావాటికి నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను. దేనిలోనూ అందరూ సంతోషించరు.

మొదటిది, ఉన్నది ఉన్నట్టు చెప్పేయడం. మీ చేతిలో గుడ్డ పెట్టినవాళ్లు చీర ఆవిడను మినహాయిస్తే ముగ్గురు. వాళ్ల బాకీ వేరు, వాళ్ల వస్తువు మీ ఇంట్లో ఉంది. వాళ్లకు తేదీ చెప్పి కుట్టి ఇవ్వండి. మిగిలిన ఏడుగురికి ఇప్పుడు కాదని చెప్పండి. ముగ్గురివి చేయడానికి కూడా చదరం కాస్త పెద్దది చేసుకోండి. ఐదున్నర అంగుళాలు కోస్తే కుట్టాక ఐదు మిగులుతుంది, వైపుకు తొమ్మిది ముక్కలు, రెండు వైపులకు పద్దెనిమిదే. వరసగా ముక్క వెనక ముక్క దారం తెంపకుండా గొలుసులా కుట్టుకుంటూ పోయి, చివర్లో ఒకేసారి తెంపండి. నాలుగు గంటల్లో సంచి అవుతుంది, పన్నెండు గంటల్లో మూడూ అవుతాయి. అంటే ఆరు మధ్యాహ్నాలు. చూపుకి మీ మొదటి సంచంత పనితనం ఉండదు, కానీ పెద్ద చదరంలో జాకెట్టు ముక్క మీది బుటా పూర్తిగా కనిపిస్తుంది, అదీ ఒక అందమే. దీని ఫలితం ఏమిటంటే, ఆ ఏడుగురిలో ఒకరిద్దరు ముఖం మాడ్చుకుంటారు. "వాళ్లకి కుట్టి నాకు కుట్టలేదు" అన్న మాట వస్తుంది. కొన్నాళ్లు ఉంటుంది. ఆ కొన్నాళ్లు మీరు తట్టుకోగలరా అన్నది మీకే తెలియాలి.

రెండోది మీ అమ్మాయి చెప్పింది. అమ్మ కష్టం ఊరికే పోకూడదని ఆ పిల్ల తపన, అందులో నాకు తప్పు కనిపించడం లేదు. కానీ రేటు పెట్టేముందు కాగితం మీద రాసుకోండి. గంటకు 60 రూపాయలు వేసుకున్నా ఏడు గంటలకు 420, సామానుకు 120, మొత్తం 540. రెండొందలకు బజార్లో సంచి దొరుకుతున్నప్పుడు అంత ఇచ్చేవాళ్లు మీ పార్కు స్నేహితులు కాకపోవచ్చు. మొహమాటానికి వాళ్ల దగ్గర రెండొందలే తీసుకుంటే సామాను పోగా 80 మిగులుతుంది, గంటకు పన్నెండు రూపాయలు కూడా పడదు. ఇంకో సంగతి. ఊరికే ఇచ్చినప్పుడు "కుట్టు వంకర పోయింది" అన్న మాట మనసుకు గుచ్చుకుంటుంది. డబ్బు తీసుకున్నాక అదే మాట అనడానికి వాళ్లకు హక్కు వస్తుంది, సరిచేయాల్సిన బాధ్యత మీది అవుతుంది. కొంతమందికి ఇలా ఉంటేనే బాగుంటుంది, చేసిన పనికి వెల కట్టడం గౌరవంగా అనిపిస్తుంది, ఆ గౌరవం నిజమైనదే. మీరు ఆ బాపతు అయితే నెలకు రెండే అని గీత గీసుకుని, పార్కు బయటివాళ్లకే అమ్మండి. పొద్దున్న నడకలో ఆర్డర్ల మాట రానివ్వకండి.

మూడోది నాకు ఇష్టమైనది. ఇష్టమని ముందే చెప్పేస్తున్నాను కాబట్టి ఆ మేరకు తగ్గించుకుని వినండి. కుట్టి ఇవ్వడం బదులు కుట్టడం నేర్పండి. మిషన్ అక్కర్లేదు. మన అమ్మమ్మలు బొంతలు కుట్టింది మిషన్ మీద కాదు. పాత చీరలు పొరలుగా పరిచి, పెద్ద సూదీ దారంతో, మధ్యాహ్నాలు అరుగు మీద నలుగురు నాలుగు వైపులా కూర్చుని కుట్టేవారు. ప్రతి ఇంట్లోనూ పెళ్లి శుభలేఖలు గుట్టగా ఉంటాయి. ఆ దళసరి కాగితాన్ని ఆరు మూలల బిళ్లలుగా కోయండి. అన్నీ ఒకే కొలతలో ఉండాలి, పిసరు తేడా ఉన్నా తర్వాత కలవవు. గుడ్డ ముక్కను బిళ్ల మీదికి మడిచి టాకా వేసి, బిళ్లకు బిళ్ల పక్కన పెట్టి అంచులు కలుపుతూ కుట్టాలి. చుట్టూ ఆరు బిళ్లలు, మధ్యలో ఒకటి, పువ్వవుతుంది. అన్ని వైపులా కలిశాక కాగితం లాగేస్తే సరి. సూది, దారం, చిన్న కత్తెర, ఇరవై బిళ్లలు, అన్నీ ఒక టిఫిన్ డబ్బాలో పడతాయి. నడక అయ్యాక బెంచీ మీద అరగంట చాలు. ఎవరి అల్మారాలో చూసినా జాకెట్టు ముక్కలే కదా, గుడ్డకు కరువు లేదు. ముందు ఇంట్లో నీళ్లలో నానబెట్టి ఆరేసి తెమ్మనండి. ఎర్రవీ మెరూన్‌వీ రంగు దిగుతాయి. తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి, రంగు అంటితే పక్కన పెట్టండి. టూ బై టూ నూలు గుడ్డ అని కొన్నవాటిలోనూ పాలిస్టర్ కలిసినవి ఉంటాయి, ఇస్త్రీ పెట్టె వేడికి ముడుచుకుపోతాయి, కొసన కాస్త కాల్చి చూసుకోవాలి.

దీనికీ ఫలితాలున్నాయి. ఎనిమిది మందీ మొదటిరోజు ఉత్సాహంగా వస్తారు, రెండో వారానికి ముగ్గురు మిగులుతారు. ఎవరో ఒకరు సగం కుట్టి "నీ చెయ్యి తిరిగింది కదా, మిగతాది నువ్వే కుట్టెయ్" అని మీ ఒళ్లో పెడతారు. అప్పుడు మీరు చెయ్యి వెనక్కి తీసుకోగలగాలి. తీసుకోలేకపోతే పదకొండు పన్నెండవుతుంది. మళ్లీ మొదటికొస్తాం.

నాలుగో దారి మీరు ఉత్తరం చివర అడిగారు, వేరే పార్కుకు మారిపోతే ఎలా ఉంటుందని. వెళ్లండి, కానీ అందుకోసం కాదు. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని బయోడైవర్సిటీ పార్కు మీకు దగ్గరే. ఔషధ మొక్కలు, నీటి మొక్కలు, ముళ్ల మొక్కలు విడివిడిగా పెంచారు, కూర్చుని చూసేవాళ్లకు గంటలు గడిచిపోతాయి. పాత సెంట్రల్ జైలు ఉన్న చోట వచ్చిన సెంట్రల్ పార్కు సాయంత్రాలకు బాగుంటుంది. జోడుగుళ్లపాలెం దగ్గర తెన్నేటి పార్కులో అయితే చెట్టు నీడా సముద్రపు హోరూ రెండూ ఒకచోటే. ఎండ తగ్గిన ఈ కార్తీకంలో మీ వారితో కలిసి వారానికొకటి చూసి రండి, రాలిన పూలకు ఆ చిన్న జేబు ఉందిగా. ఇవి ఆకాశమల్లె రాలే రోజులు. పొడుగాటి తొడిమలు, దారం లేకుండానే జడలా అల్లుకోవచ్చు. అయితే తప్పించుకోవడానికి వెళ్లిన తోటలో ఏ పువ్వూ కంటికి ఆనదు. వాళ్లలో ఎవరో ఒకరు అక్కడా ఎదురుపడతారేమోనని గేటు వైపే చూస్తూ ఉంటారు. బాకీ తేలాక వెళ్లిన తోట వేరు, తేలకముందు వెళ్లిన తోట వేరు.

ఈ దారులు కలుపుకోవచ్చు కూడా. గుడ్డ ఇచ్చిన ముగ్గురికీ కుట్టి, మిగిలినవాళ్లకు నేర్పుతానని చెప్పవచ్చు. అమ్మకం సంగతి సంక్రాంతి తర్వాత చూద్దామని అమ్మాయితో అనవచ్చు. ఏది ఎంచుకున్నా వనభోజనాల రోజు దాకా ఆగవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఆ రోజు ఉసిరి చెట్టు కింద అందరూ విస్తళ్లు వేసుకుని కూర్చున్నప్పుడు చెబితే మీరు సంజాయిషీ చెప్పుకున్నట్టు ఉంటుంది. ఇరవై రోజుల ముందు చెబితే అది సమాచారం. ఎలా చెప్పాలని మీరు అడగలేదు గానీ నేనైతే ఇలా అంటాను: "నా మోకాలు బాగానే ఉంది. సంచులు అవ్వక మొహం చూపించలేకపోయాను. ఒక్కోదానికి ఏడు గంటలు పడుతోంది, అందరికీ సరే అన్నాను, నా వల్ల కాదు. మీరిచ్చిన గుడ్డలవి మూడు కుడుతున్నాను. మిగతావాళ్లు మీ ముక్కలు తెచ్చుకుంటే ఇక్కడే కూర్చుని చూపిస్తాను." ఇంతకు మించి ఒక్క ముక్క కూడా కలపక్కర్లేదు. క్షమాపణలు పదిసార్లు చెప్పారంటే మళ్లీ "పోనీలే, మెల్లగా కుట్టు" అంటారు, మీరు సరే అంటారు.

వంకర కుట్టు అన్న ఆవిడ గురించి ఒక మాట. మనసు నొచ్చుకోవడం సహజం. కానీ ఆవిడ ఆ సంచిని వాడుతోందని మీరే రాశారు, కూరగాయలకు రైతుబజారుకు కూడా పట్టుకెళుతోందట. వీలైనప్పుడు తీసుకుని ఆ కుట్టు విప్పి మళ్లీ వేసి ఇవ్వండి, పావుగంట పని. జిప్పు మాత్రం ఆవిడనే తెచ్చుకోమనండి, ప్లాస్టిక్‌ది తెమ్మనండి. సముద్రపు గాలికి ఇనుప జిప్పు ఏడాది తిరగకుండా తుప్పు పట్టి ఇరుక్కుంటుంది. మీ మిషన్ సూదికీ అదే జబ్బు. ఇన్నాళ్లు మూత తీయలేదన్నారు కనుక ముందు పాత సూది మార్చి పద్నాలుగో నంబరుది పెట్టండి, రెండు చుక్కల నూనె వేసి, పనికిరాని గుడ్డ మీద కాసేపు ఊరికే తొక్కండి. నూనె మరక ఎవరి అమ్మ చీర మీదా పడకూడదు కదా.

రేపు పొద్దున్నే వెళ్లగలిగితే మీ సంచిలో ఆ వెంకటగిరి చీర కవరు పెట్టుకుని వెళ్లండి. అందరూ గుమిగూడే చోట వద్దు. ఆవిడ ఒక్కరే నడుస్తున్నప్పుడు పక్కన కలిసి, చీర చేతికిచ్చి, అమ్మగారు దీన్ని ఎప్పుడెప్పుడు కట్టుకునేవారని అడగండి. ఎక్కడ కోయాలో, అసలు కోయాలో వద్దో ఆవిడే చెబుతారు.